బావంచాలు రాసి ఎండలో కూర్చోమంటారు, ఎందుకు?

“మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ముంజేతి మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ వచ్చింది. డాక్టరు గారు చూసి బొల్లి అన్నారు. మా అత్తగారి ఊళ్లో ఒకాయన బావంచాల నూనె ఇచ్చి, రోజూ పూసి ఎండలో కూర్చోబెట్టమన్నాడు. ఇది నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తే మధ్యలో ఈ ఎండ దేనికి? నీడపట్టున రాసుకుంటే చాలదా?”

బొల్లి వచ్చిన ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినపడే ప్రశ్నే ఇది. క్లుప్తంగా జవాబు కావాలంటే: కొంతవరకు పనిచేస్తుంది. ఎండ తగలకపోతే అసలు పనిచెయ్యదు. అయినా సరే, ఇంట్లో సొంతంగా చెయ్యొద్దు. ఈ మూడు మాటలకీ పొంతన లేదనిపించొచ్చు గానీ మూడింటి వెనకా ఉన్నది ఒకే సంగతి. దాన్ని పట్టుకోవాలంటే ఈజిప్టు దాకా వెళ్లాలి. 1940ల్లో కైరోలో అబ్దెల్ మోనెమ్ ఎల్ మోఫ్తీ అనే చర్మవైద్యుడు అచ్చం మీరడిగిన ప్రశ్ననే చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ప్రచురించిన పరిశోధనతోనే బొల్లికి ఆధునిక వైద్యం మొదలైందంటే అతిశయోక్తి కాదు.

ముందు మచ్చ సంగతి చూద్దాం.

అసలు చర్మం ఎందుకు తెల్లబడుతుంది?

చర్మం పైపొరకి అడుగున మెలనోసైట్లు అనే కణాలుంటాయి. అవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసి, సన్నటి రేణువులుగా చుట్టుపక్కల కణాలకి అందిస్తుంటాయి. ఒక్కో మెలనోసైటు దాదాపు 36 కణాలకి రంగు సరఫరా చేస్తుందని 1960ల్లో పరిశోధకులు లెక్కగట్టారు. నల్లగా ఉన్నవాళ్లకీ తెల్లగా ఉన్నవాళ్లకీ ఈ మెలనోసైట్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అవి తయారుచేసే రేణువుల పరిమాణంలో, సంఖ్యలోనే తేడా.

బొల్లిలో ఆ మెలనోసైట్లే చచ్చిపోతాయి. చంపేది బయటి నుంచి వచ్చిన క్రిమి కాదు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాల్లో ఒక రకం, సీడీ8 టీ కణాలు, మెలనోసైట్లని పరాయివిగా పొరబడి వాటి మీద పడతాయి. అందుకే బొల్లి అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే తువ్వాలు వాడినా, పక్కలో పడుకున్నా రాదు. ప్రపంచ జనాభాలో అర శాతం నుంచి రెండు శాతం మందికి ఇది ఉంటుంది.

వంశపారంపర్యమా అంటే కొంత అవును, కొంత కాదు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి బొల్లి ఉన్నప్పుడు రెండోవారికి కూడా ఉండటం సుమారు 23 శాతం జంటల్లోనే కనిపించింది. జన్యువులు నూరుపాళ్లూ ఒకటే అయినా మిగతావాళ్లలో రెండో మనిషికి రాలేదు. కాబట్టి “వాళ్ల వంశంలో ఉంది, సంబంధం వద్దు” అనే పెళ్లిపెద్దల తీర్పులో భయం పాలే ఎక్కువ.

ఇక చేపలు, పాలు. చేపలకూర తిన్న పూట పాలు తాగితే బొల్లి వస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. దానికి ఆధారమేమీ లేదు. చేపల్ని పాలలో, వెన్నలో, మీగడలో వండుకునే జనం యూరప్‌లో బోలెడుమంది ఉన్నారు. అక్కడ బొల్లి మనకంటే ఎక్కువేం లేదు. పులుపు మానెయ్యమనీ, నిమ్మకాయ ముట్టుకోవద్దనీ చెప్పే పథ్యాలదీ అదే కథ. పెరిగే పిల్లకి పండ్లు మాన్పించడం వల్ల నష్టమే తప్ప మచ్చకి ఒరిగేదేం లేదు.

తెల్లమచ్చలన్నీ బొల్లేనా?

కావు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మనవాళ్లు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. బొల్లి మచ్చ పాలతెలుపుగా, అంచు స్పష్టంగా ఉంటుంది. గిల్లితే నొప్పి తెలుస్తుంది. కుష్ఠు మచ్చ అంత తెల్లగా ఉండదు, రంగు కాస్త వెలిసినట్టు ఉండి అక్కడ స్పర్శ తగ్గుతుంది. బొల్లిని “తెల్ల కుష్ఠు” అని పిలిచే అలవాటు వల్ల ఈ రెండింటినీ కలిపేసి ఎన్ని కుటుంబాలు కుమిలిపోయాయో లెక్కలేదు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. వీపు మీద, ఛాతీ మీద సన్నటి పొట్టుతో వచ్చే శోభి మచ్చలు ఫంగస్ వల్ల వస్తాయి, మందులకి తగ్గుతాయి. పిల్లల బుగ్గల మీద వచ్చే మసక తెలుపు మచ్చలు చాలావరకు వాటంతటవే పోతాయి.

ఆడవాళ్లు తప్పక తెలుసుకోవలసింది ఇంకొకటుంది. నుదుట సరిగ్గా బొట్టుబిళ్ల అంటించుకునే చోటే, అంతే గుండ్రంగా తెల్లబడటం. 1990లో అలహాబాద్ వైద్యుడు ఏ.కె. బజాజ్, ఆయన సహచరులు దీనిమీద ఒక వ్యాసం ప్రచురించారు. బిళ్ల వెనక జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం మెలనోసైట్లకి విషమని అందులో చూపించారు. అలాంటి రసాయనాలు కొన్ని రబ్బరు చెప్పుల పట్టీల్లోనూ ఉంటాయి. పాదం మీద సరిగ్గా పట్టీ ఆకారంలో తెల్లచారలు తేలినవాళ్లు ఉన్నారు. అలా వచ్చినప్పుడు మందుకంటే ముందు చెయ్యాల్సిన పని ఆ బిళ్లనో, ఆ చెప్పునో వదిలెయ్యడం.

మీ అమ్మాయికి డాక్టరు గారు బొల్లి అని తేల్చారు కాబట్టి ఇప్పుడు నూనె దగ్గరికి వద్దాం.

బావంచాలకీ ఈజిప్టుకీ ఏమిటి సంబంధం?

బావంచాలు మూలికలమ్మే కొట్లలో దొరుకుతాయి. నల్లటి, చిన్న చిన్న గింజలు. ఆయుర్వేదంలో వీటిని బాకుచి అంటారు, శ్విత్రం అనే తెల్లమచ్చల రోగానికి శతాబ్దాలుగా వాడుతున్నారు. చిక్కుడు కుటుంబపు మొక్క ఇది.

ఈజిప్టులో నైలు లోయ పొడుగునా మరో మొక్క పెరుగుతుంది. శాస్త్రీయనామం అమ్మి మేజస్. మన వాము, ధనియాలు, క్యారెట్ల కుటుంబానికి చెందినది. కొత్తిమీర పూతకొచ్చినప్పుడు ఉండే తెల్లటి గుత్తుల్లాంటి పూలే దానికీ ఉంటాయి. బావంచాల మొక్కకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ బైతార్ అనే గొప్ప మూలికాశాస్త్రవేత్త తన గ్రంథంలో దీని గురించి రాశాడు. ఉత్తర ఆఫ్రికాలో ఒక బెర్బర్ తెగవాళ్లు దీని గింజల పొడిని తెల్లమచ్చలకి ఇచ్చేవాళ్లట, ఆ రహస్యాన్ని చాలాకాలం బయటికి పొక్కనివ్వలేదట. పొడి తిన్నాక మచ్చల మీద బట్ట తీసేసి ఎండలో కూర్చోవాలి. ఆత్రిలాల్ అనే పేరుతో ఈ పొడి కైరో బజార్లలో ఎల్ మోఫ్తీ కాలానికి కూడా అమ్ముడయ్యేది.

రెండు వేర్వేరు దేశాలు, సంబంధం లేని రెండు మొక్కలు. రోగం మాత్రం ఒకటే, చివర చెప్పే మాటా ఒకటే: ఎండలో కూర్చో. ఇది కాకతాళీయం కాకపోవచ్చని అనుమానం రావాలి. కానీ సంప్రదాయ వైద్యాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లకీ, కొట్టిపారేసేవాళ్లకీ కూడా ఇలాంటి అనుమానం సామాన్యంగా రాదు. మొదటివాళ్లకి అడగాల్సిన అవసరం కనపడదు, రెండోవాళ్లకి ఓపిక ఉండదు. కైరో బృందం గొప్పతనమంతా అక్కడ ఆగి అడగడంలోనే ఉంది.

ఏం చేశారు వాళ్లు?

కైరో విశ్వవిద్యాలయాన్ని అప్పట్లో ఫుఆద్ 1 విశ్వవిద్యాలయం అనేవాళ్లు. అక్కడి రసాయన శాస్త్రవేత్తలు ఫహ్మీ, అబూ షాదీ తదితరులు, వాళ్లతోబాటు నాజీల కాలంలో జర్మనీ వదిలి కైరో చేరిన అలెగ్జాండర్ షోన్‌బెర్గ్, అమ్మి మేజస్ గింజల నుంచి శుద్ధమైన స్ఫటికాలు వేరుచేశారు. 1947లో ఆ వివరాలు ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. వాటిలో ముఖ్యమైనదాని పేరు 8-మెథాక్సీ సొరాలెన్.

ఎల్ మోఫ్తీ పని అక్కడి నుంచి మొదలైంది. పచ్చి పొడితో ఒక ఇబ్బంది ఉంది. ఏ గింజలో ఎంత మందుందో తెలియదు, మింగినవాళ్లకి వికారం, వాంతులు. శుద్ధమైన స్ఫటికమైతే మిల్లీగ్రాముల్లో తూచి ఇవ్వొచ్చు. ఆయన రోగులకి దాన్ని కొందరికి నోటిద్వారా, కొందరికి మచ్చమీద పూతగా ఇచ్చి, తర్వాత ఎండగానీ అతినీలలోహిత దీపంగానీ తగలనిచ్చి చూశాడు. మచ్చల్లో రంగు తిరిగొచ్చింది. 1948లో రాయల్ ఈజిప్షియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఆయన తొలి నివేదిక అచ్చయింది. ఆ శీర్షికలోనే “ప్రాథమిక” అన్న మాట పెట్టుకున్నాడు. తరవాత ఇరవయ్యేళ్లు అదే విషయం మీద పనిచేసి 1968లో బొల్లి, సొరాలెన్ల మీద పూర్తి పుస్తకం వెలువరించాడు. కైరోలోని మెంఫిస్ కంపెనీ ‘మెలాడినిన్’ పేరుతో ఆ మందు తయారుచేస్తే అది దేశదేశాలకి పోయింది.

మన బావంచాల సంగతి? 1933లోనే జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే మన దేశపు రసాయన శాస్త్రవేత్తలు బావంచాల నుంచి సొరాలెన్ అనే పదార్థాన్ని వేరుచేసి ఇండియన్ కెమికల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. కైరోలో దొరికిన స్ఫటికం ఆ సొరాలెన్‌కి స్వయానా తోబుట్టువే. అణువుకి ఒకచోట చిన్న మెథాక్సీ తోక అదనంగా ఉంటుంది, అంతే తేడా. అంటే అణువు మన దగ్గర పద్నాలుగేళ్లు ముందే సీసాలోకి వచ్చింది. దాన్ని తూచి రోగికిచ్చి, ఏమయిందో రాసిపెట్టి, లోకం ముందుంచిన పని మాత్రం కైరోలో జరిగింది. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే వైద్య పరిశోధన అని నా అభిప్రాయం.

ఇంతకీ ఎండ ఎందుకు?

సొరాలెన్ అణువు సన్నగా, బల్లపరుపుగా ఉంటుంది. మన కణాల్లో ఉండే డీఎన్‌ఏ మెలితిప్పిన నిచ్చెన లాంటిది. సొరాలెన్ ఆ నిచ్చెన మెట్ల మధ్య ఖాళీలోకి జారుకుంటుంది. చీకట్లో, నీడలో అది అలా ఊరికే కూర్చుంటుంది, కొన్ని గంటల తర్వాత వచ్చినదారినే పోతుంది. ఏమీ జరగదు. మీరడిగిన “నీడపట్టున రాసుకుంటే చాలదా” అనేదానికి జవాబు ఇదే.

ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ‘ఏ’ రకం, అంటే 320 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి తగిలినప్పుడు కథ మారుతుంది. కాంతిశక్తిని పీల్చుకున్న సొరాలెన్ పక్కనున్న థైమిన్ అనే భాగాన్ని పట్టుకుని అతుక్కుపోతుంది. ఇంకో విడత కాంతి తగిలితే రెండోవైపు థైమిన్‌నీ పట్టుకుంటుంది. అప్పుడు నిచ్చెన రెండు కమ్మీలూ కలిపి కుట్టేసినట్టవుతాయి. ఇక ఆ కణం తన డీఎన్‌ఏని విడదీసి నకలు తీసుకోలేదు, విభజన చెందలేదు. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో ముసాయో, రోడిగీరో అనే శాస్త్రవేత్తలు 1960ల్లో సొరాలెన్ ఇలా డీఎన్‌ఏ మీదే పనిచేస్తుందని తేల్చారు.

మొక్కకి ఇదంతా ఎందుకు? మనకి బొల్లి నయం చెయ్యడానికి కాదు పాపం. తన ఆకు తినే పురుగుని చంపడానికి. ఆకు తిన్న పురుగు ఎండలో తిరిగితే ఒళ్లు కాలి చస్తుంది. అమెరికన్ శాస్త్రవేత్త మే బెరెన్‌బామ్ 1978లో దీన్ని సైన్యపురుగుల మీద చూపించింది. ఇలాంటి మొక్కల మీద బతికే కొన్ని పురుగులు ఆకుని చుట్టుకుని ఆ చీకట్లో కూర్చుని తింటాయి. ఎండ రానివ్వకపోతే విషం పనిచెయ్యదన్న కిటుకు వాటికి మనకంటే ముందే తెలుసన్నమాట.

డీఎన్‌ఏని కుట్టేస్తే రంగెలా వస్తుంది?

రెండు దార్లలో. ఒకటి, మెలనోసైట్ల మీద దాడిచేస్తున్న టీ కణాలు ఈ దెబ్బకి తొందరగా చతికిలబడతాయి. దాడి ఆగుతుంది. కానీ దాడి ఆగినంత మాత్రాన చచ్చిపోయిన మెలనోసైట్లు లేచిరావు కదా? అక్కడే రెండో దారి. మచ్చలో పైపొరలోని మెలనోసైట్లు పోయినా, వెంట్రుక కుదుళ్ల లోతుల్లో వాటి మూలకణాలు కొన్ని నిద్రాణంగా మిగిలుంటాయి. అవి ఇంకా రంగు తయారుచెయ్యవు. 1959లో స్టారికో అనే పరిశోధకుడు కుదుళ్లలో అలాంటి రంగులేని మెలనోసైట్లని వర్ణించాడు. కిరణాల ప్రేరణతో అవి మేలుకుని, పెరిగి, కుదురు గోడ వెంబడి పైకి పాకి, చర్మంలోకి చేరి రంగు చెయ్యడం మొదలుపెడతాయి.

ఇది కంటికి కనిపించే విషయమే. వైద్యం పట్టిన మచ్చని మంచి వెలుతురులో దగ్గరగా పెట్టుకుని చూస్తే, తెలుపు మధ్యలో ఆవగింజంత గోధుమరంగు చుక్కలు తేలి ఉంటాయి. ఒక్కో చుక్క నడిమధ్యన ఒక నూగు వెంట్రుక. వారాలు గడిచేకొద్దీ చుక్కలు వెడల్పయి, ఒకదాన్నొకటి తాకి, కలిసిపోతాయి. రంగు అంచుల నుంచి కూడా కొంత లోపలికి జరుగుతుంది గానీ ఎక్కువ పని ఈ చుక్కలదే.

ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది. ముఖం, మెడ మీద మచ్చలు ఎందుకు త్వరగా మానుతాయి? అక్కడ కుదుళ్లు దట్టంగా ఉంటాయి. పెదవులు, వేళ్ల చివర్లు ఎందుకు మొండికేస్తాయి? అక్కడ వెంట్రుకలు లేవు, నిల్వ లేదు. మచ్చలోని వెంట్రుకలు కూడా నెరిసిపోతే డాక్టర్లు ఎందుకు పెదవి విరుస్తారు? కుదుళ్లలోని నిల్వకీ ముప్పొచ్చిందన్న గుర్తు అది. మీ అమ్మాయి ముంజేతి మచ్చలో నూగు ఇంకా నల్లగానే ఉందేమో చూడండి. నల్లగా ఉంటే అది మంచి సూచన.

పనిచేస్తుందని మీరే అంటున్నారు, మరి వద్దంటారేం?

సొరాలెన్‌కి మంచికణం, చెడ్డకణం తేడా తెలియదు. కిరణం తగిలిన చోటల్లా డీఎన్‌ఏని కుడుతుంది. టీ కణాన్ని ఆపే పనీ, మామూలు చర్మాన్ని కాల్చే పనీ అదొక్కటే చేస్తుంది. మందయ్యేదీ విషమయ్యేదీ మోతాదు మీదే ఆధారపడి ఉంటుంది, ఆ మోతాదులో రెండు భాగాలున్నాయి: చర్మంలో ఎంత సొరాలెన్ ఉంది, దానిమీద ఎంత కిరణం పడింది. నూనె సీసాలో మొదటిది ఎంతో ఎవరికీ తెలియదు. ఏ పొలం గింజలు, ఎంత పాతవి, ఎలా తీశారు అన్నదాన్నిబట్టి మారుతుంది. రెండోది మన పల్నాడు ఎండలో ఒకలా, డిసెంబరు పొద్దుటి ఎండలో ఒకలా ఉంటుంది. తెలియని రెండు అంకెల్ని హెచ్చవేసి పిల్ల చేతిమీద పెట్టడం ఎందుకన్నదే నా అభ్యంతరం.

ఇంకో కిటుకుంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మామూలుగా ఎండకి కమిలితే ఆ సాయంత్రానికో, మర్నాటికో తెలిసిపోతుంది. సొరాలెన్ వల్ల కలిగే కాలుడు అలా కాదు. అది ముదిరేది రెండో రోజు దాటి మూడో రోజుకి. మొదటిరోజు ఎండలో కూర్చోబెట్టారు, సాయంత్రం చూస్తే చెయ్యి మామూలుగానే ఉంది. “చాల్లేదేమో” అనుకుని మర్నాడు ఇంకో పావుగంట ఎక్కువ కూర్చోబెట్టారు. మూడోరోజు పొద్దున్నకి బొబ్బలు! మొదటి రోజుదీ రెండో రోజుదీ కలిసి తేలతాయి. ఆస్పత్రిలో ఈ వైద్యాన్ని రోజు మార్చి రోజుగానీ, వారానికి రెండుసార్లుగానీ ఇవ్వడానికి కారణం అదే.

బొబ్బలెక్కితే నొప్పితో పోదు. బొల్లి ఉన్నవాళ్లకి గాయం తగిలిన చోట, కాలిన చోట కొత్త మచ్చలు పుట్టే గుణం ఉంటుంది. తగ్గించుకోబోయి పెంచుకున్నట్టవుతుంది. పైగా బావంచాల పొడిని కడుపులోకి తీసుకున్నవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. “ఆకుపసరే కదా, సైడ్ ఎఫెక్టులుండవు” అనే మాట ఈ గింజ విషయంలో మాత్రం పచ్చి అబద్ధం.

కైరో తర్వాత ఏం జరిగింది?

1953లో లెర్నర్, డెంటన్, ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ వైద్యులు 8-మెథాక్సీ సొరాలెన్‌ని బొల్లి రోగుల మీద పరీక్షించి ప్రచురించారు. నడుమ ఒక వింత ముచ్చట: అదే దశకంలో అమెరికాలో తెల్లవాళ్లు ఒంటికి చక్కటి గోధుమరంగు తెచ్చుకోవడానికి కూడా ఈ మాత్రలు పనికొస్తాయేమోనని ప్రయత్నాలు సాగాయి. 1974లో ఫిట్జ్‌పాట్రిక్, పారిష్ బృందం సొరాలెన్ మాత్ర ఇచ్చి, ‘ఏ’ కిరణాల దీపాలున్న పెట్టెలో రోగిని నిలబెట్టి సొరియాసిస్‌ని అదుపులోకి తెచ్చారు. పువా అనే ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆ బృందంలో మధు పాఠక్ అనే భారతీయుడూ ఉన్నాడు. అయిదేళ్లకే, 1979లో, స్టెర్న్ అనే వైద్యుడు పువా తీసుకున్న 1,300 మందికి పైగా రోగుల్ని వెంబడించి చూసి, వాళ్లలో ఒకరకం చర్మ క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని ప్రకటించాడు. వాళ్లు తెల్లచర్మం సొరియాసిస్ రోగులు; మన చర్మానికి ఆ ముప్పు తక్కువ. అయినా డీఎన్‌ఏని కుట్టే మందు ఊరికే పోదని ఆ వ్యాసంతో అందరికీ తెలిసొచ్చింది.

1997లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెస్టర్‌హాఫ్, ఆయన సహచరి ఇంకో దారి చూపించారు. సొరాలెన్ లేకుండా, 311 నానోమీటర్ల ‘బీ’ కిరణాలు మాత్రమే. నాలుగు నెలల తర్వాత ఈ కిరణాలు తీసుకున్నవాళ్లలో 67 శాతం మందికి రంగు తిరిగొచ్చింది, సొరాలెన్ పూత, ‘ఏ’ కిరణాలు తీసుకున్నవాళ్లలో 46 శాతానికి. మాత్ర లేదు, వికారం లేదు, రోజంతా నల్లకళ్లద్దాలు పెట్టుకు తిరగక్కర్లేదు. పిల్లలకీ గర్భిణులకీ కూడా ఇవ్వొచ్చు. దాంతో ఎల్ మోఫ్తీ మందు వెనకబడింది. 2022 జూలైలో అమెరికాలో రుక్సోలిటినిబ్ అనే లేపనానికి అనుమతి వచ్చింది, పన్నెండేళ్లు దాటినవాళ్లకి. అది టీ కణాలకి అందే సంకేతాన్నే మధ్యలో ఆపుతుంది. పరీక్షల్లో ఆరునెలలకి దాదాపు 30 శాతం మందికి ముఖం మీది మచ్చల్లో మూడొంతులు పైగా రంగు వచ్చింది. మన దేశం నుంచి వచ్చిన పనీ ఉంది. మచ్చలు వేగంగా పాకుతున్నప్పుడు వారానికి రెండు రోజులు మాత్రమే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చే పద్ధతిని ఢిల్లీ ఎయిమ్స్‌లో పస్రీచా, ఖైతాన్ 1993లో ప్రచురించారు. మన చర్మవైద్యులు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

ఒకసారి మానితే మళ్లీ రాదా? రావచ్చు. వైద్యం ఆపేశాక ఏడాదిలోపు దాదాపు 40 శాతం మందికి తిరగబెడుతుంది. దాడిచేసిన టీ కణాల్లో కొన్ని ఆ చర్మంలోనే తిష్ఠవేసుకుని ఉంటాయి. అందుకే రంగు వచ్చాక కూడా కొంతకాలం లేపనం వారానికి రెండుసార్లు కొనసాగిస్తారు. “శాశ్వతంగా నయం చేస్తాం” అని గోడల మీద రాసుకునేవాళ్లని ఈ ఒక్క అంకె చూపించి అడగండి.

మరి మేమేం చెయ్యాలి?

రూపాయంత మచ్చ అంటే తొలిదశే. ఇలాంటిదానికి డాక్టర్లు సామాన్యంగా ముందు లేపనంతో మొదలుపెడతారు: కొన్నాళ్లపాటు స్టెరాయిడ్, లేదంటే టాక్రోలిమస్. అవి చాలకపోతే ‘బీ’ కిరణాలు. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి వెళ్లాల్సి ఉంటుంది. మూడు నెలలు కూడా ఆగకుండా “పనిచెయ్యట్లేదు” అని మానెయ్యకండి, కుదుట్లోంచి కణం పైకి పాకి రావడానికే ఆ మాత్రం టైము పడుతుంది. పెద్ద ప్రభుత్వాసుపత్రుల చర్మవ్యాధుల విభాగాల్లో ఈ దీపాలుంటాయి, అక్కడ ముందు అడగండి. బొల్లి ఉన్నవాళ్లలో థైరాయిడ్ జబ్బు కాస్త ఎక్కువ కాబట్టి ఒకసారి ఆ రక్తపరీక్ష చేయించండి. మచ్చకి మెలనిన్ రక్షణ లేదు గనక ఆటల పీరియడ్‌కి వెళ్లేటప్పుడు పొడుగు చేతుల చొక్కాగానీ సన్‌స్క్రీన్‌గానీ ఉండాలి. బళ్లో ఎవరైనా దూరం జరిగితే, ఇది అంటుకునేది కాదని టీచరు గారి చేత క్లాసులో ఒకసారి చెప్పించండి.

సొరాలెన్ వైద్యం పూర్తిగా పోయిందనుకోవద్దు. ఊరికి దీపాలు లేనిచోట డాక్టర్లు ఇప్పటికీ తూచిన మందు, గడియారం చూసి ఎండ, పద్ధతి ప్రకారం ఇస్తూనే ఉన్నారు. మొదట నిమిషాల్లోనే మొదలుపెట్టి, చర్మం ఎలా స్పందిస్తోందో చూసి మెల్లగా పెంచుతారు. మాత్రలైతే పన్నెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వరు.

చివరగా ఆ నూనె సీసా. ఇప్పటికే నాలుగు రోజులు రాసి ఉంటే, తిడతారేమో అని దాచకుండా దాన్ని డాక్టరు గారికి చూపించండి. బావంచాల నూనె రాసుకున్న చేతిని ఆ సంగతి చెప్పకుండా దీపాల కింద పెడితే, ఆయన లెక్కగట్టి ఇచ్చిన మామూలు మోతాదే పిల్ల చర్మాన్ని కాల్చేస్తుంది.